క్యూబా పాట ఎత్తుకునే చోటు

మా నాయన తొమ్మిదేళ్లు నాతో మాట్లాడలేదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నా క్యూబా పాటల గోల విన్నవాళ్లందరూ మొదట అడిగేది "నీకెందుకమ్మా ఆ పిచ్చి?" అనే. ఇంట్లో మాటలుంటే రేడియోలో ఎవరు వెతుక్కుంటారు?

ఆయన చెక్కభజన గురువు. మా ఊరు తంబళ్లపల్లె పక్కన. వేరుశనక్కాయ చేను, ఒక మంద గొర్రెలు ఉండేవి గానీ ఆయన మనసు ఎప్పుడూ వాటి మీద లేదు. సాయంత్రమైతే చాలు, పదహారు మంది మగవాళ్లు కాళ్లకు గజ్జెలు కట్టుకుని, చేతుల్లో ఇత్తడి గిలకలు బిగించిన చెక్కలు పట్టుకుని మా ఇంటి ముందర వలయంగా నిలబడేవాళ్లు. నాయన నడుమ నిలబడి తన చెక్కలతో రెండు దెబ్బలు కొట్టేవాడు. ఆ రెండు దెబ్బలతోనే పాట మొదలు. అవి పడేదాకా ఎవరూ కాలు కదపకూడదు, పడ్డాక ఎవరూ ఆపకూడదు.

ఇంకో కట్టడి కూడా ఉండేది. పాట నడుమ వలయం విడిచి బయటికి వచ్చేసినవాడితో గురువు మాట్లాడడు. కాలికి ముల్లు గుచ్చుకోనీ, ఇంటికాడ ఆవు ఈనుతూ ఉండనీ, పాట అయ్యేదాకా అడుగు వేయాల్సిందే. వచ్చేసినవాడు తర్వాత టెంకాయ తెచ్చి, అందరి ముందరా గురువు కాళ్ల దగ్గర కొట్టి, మళ్లీ తన చోట్లో నిలబడితే అప్పుడు మాట కలుస్తుంది. ఒకాయన టెంకాయ తేవడానికి నామోషీ పడి నాలుగు నెలలు అట్లాగే తిరిగాడు. పాపం, బీడీకి నిప్పు అడిగినా మా నాయన మొహం తిప్పుకుని పోయేవాడు. ఊళ్లో అందరికీ అది నవ్వులాటగా ఉండేది. నాకూ నవ్వొచ్చేది.

నేను ఆడపిల్లను, నాకు చెక్కలు ఎవరిస్తారు? అమ్మ నా చిన్నప్పుడే పోయింది. పొయ్యి ముందర కూర్చుని, సంగటికి ఎసరు కాగేలోపల, బయట పడుతున్న తాళాన్ని పీట మీద వేళ్లతో కొట్టుకునేదాన్ని. పదహారు మందిలో ఎవరు తప్పారో చూడకుండానే చెప్పగలిగేదాన్ని. అడిగినవాళ్లెవరూ లేరు గనక ఎవరికీ చెప్పలేదు.

మదనపల్లెలో టీచరు ట్రైనింగు అయిన ఏడాదే పెళ్లి చేశారు. నా మొగుడికి మదనపల్లెలోనే పట్టు నూలు వ్యాపారం. మొదటిసారి నా మీద చెయ్యి చేసుకున్నప్పుడు అలవాటు లేక ఏడ్చాను. రెండోసారి చేసుకున్నప్పుడు, ఇది అలవాటయ్యేలా ఉందే అని భయం వేసి, చేతికందిన గుడ్డలు సంచిలో కుక్కుకుని బస్సెక్కేశాను. ఎవరు వదిలేశారమ్మా అని ఈ రోజుకీ ఆరా తీసేవాళ్లున్నారు. నేనే వదిలేశాను, చాలా?

ఊరికి చేరేసరికి నాయన గుమ్మంలో కూర్చుని గజ్జెలకు కొత్త తాడు కడుతున్నాడు. జరిగింది చెప్పాను. తల ఎత్తకుండా అంతా విన్నాడు. విని, "కట్టడి నీకు తెల్సు గదా" అని లేచి లోపలికి పోయాడు. అంతే. మా మేనమామ, అమ్మకు తమ్ముడు, భజన దళంలో పాటలు ఎత్తేది ఆయనే, నడుమ రాయబారం నడిపాడు.

"ఆ ఇంటికి తిరిగిపోయి నిలబడితేనే మాటలంట మ్మా."

"నేను పోను మామా."

"మీ ఇద్దరికీ రోషం ఒగటే తూకం. నడుమ నన్ను యాల సంపుతారు?"

నన్ను తన్నిన ఇల్లూ భజన వలయమూ ఒకటెట్లా అవుతాయని అడగాలనుంది. అడగడానికి నాయన మాట్లాడితే కదా.

పుంగనూరులో ఉద్యోగం దొరికింది. బడికి రెండు వీధుల అవతల ఒక గది. పగలంతా నలభై మంది పిల్లలతో గొంతు పోయేదాకా అరిచి, తలుపు తీసి లోపలికి వస్తే నాతో మాట్లాడేవాళ్లు లేరు. ఒంటరితనం అంటే ఏమిటో పుస్తకాల్లో చదివినప్పుడు అదేదో గొప్ప బాధ అనుకున్నాను. తీరా చూస్తే, చారులో ఉప్పు ఎక్కువైందని చెప్పడానికి మనిషి లేకపోవడమే. బదిలీ మీద పోతున్న టీచరు దగ్గర పాత ట్రాన్సిస్టర్ కొనుక్కున్నాను. పోస్టాఫీసులో రేడియో లైసెన్సు నా పేరుకు మార్పించుకున్నాను. బట్టలు ఆరేసే తీగకు ఒక రాగితీగ చుట్టి కిటికీలోంచి రేడియోకు లాక్కొచ్చాను. సెల్లులు నీరసిస్తే గోడ మీద ఎండబెట్టేదాన్ని. పక్కింటావిడ వాటిని చూసి, "ఏం వడియాలమ్మా అవి?" అని ఎగతాళి చేసేది.

ఒకరోజు పొద్దున, పొయ్యి రాజేసి వార్తల కోసం ముల్లు తిప్పుతుంటే, కీచుకీచుమనే గోల నడుమ గిటారు లాంటిదేదో వినబడింది. తర్వాత బూర. ఆ రెంటికీ కింద ఎవరో రెండు కర్రముక్కలు కొడుతున్నారు. సన్నగా, గట్టిగా, ఎవరేం వాయించినా పట్టించుకోకుండా. గిలకలు లేవు గానీ అది చెక్కల మోతే! పాట అయ్యాక ఒకావిడ ఇంగ్లీషులో చెప్పింది, ఇది క్యూబా దేశం, హవానా నగరం అని. మ్యాపు తెచ్చి వెతికాను. అమెరికా కింద, నీళ్లలో పడేసిన చింతకాయ మాదిరి ఉంది.

ఆ తర్వాత పొద్దున్నే ఆరున్నరకు అదే నా పని. అన్ని రోజులూ దొరికేది కాదు. ఒక్కోరోజు చైనా రేడియో వాళ్లు వచ్చి మీద పడేవాళ్లు. దొరికినరోజు మాత్రం పండగే. మెల్లమెల్లగా తెలిసింది. సోన్ అనేది అక్కడి పల్లెల్లో పుట్టిన పాత పాట. రుంబా రేవుల్లో కూలీలు సరుకు పెట్టెల మీద వాయించి పుట్టించింది. కొత్త కుర్రాళ్లు కరెంటు గిటార్లూ, పెద్ద డ్రమ్ములూ పెట్టుకుని వాటినే ఇంకో రకంగా పాడుతున్నారు. ముసలివాళ్ల పాట ఎడ్లబండి అయితే వీళ్లది ఎక్స్‌ప్రెస్ బస్సు. అయినా రెంటిలోనూ ఆ కర్రముక్కలు అట్లాగే ఉన్నాయి. క్లావెస్ అంటారట వాటిని.

ఇక్కడే నాకు ఒక చిక్కు. వాళ్ల తాళంలో దెబ్బలు అయిదు. రెండు ఒకచోట, మూడు ఒకచోట. నేను పీట మీద కొట్టేటప్పుడు రెండుతో ఎత్తుకునేదాన్ని. పుట్టినప్పటి నుంచీ రెండు దెబ్బలంటే మొదలు అని వింటూ పెరిగినదాన్ని, ఇంకెట్లా ఎత్తుకుంటాను? అట్లా ఎత్తుకుంటే, నా లెక్కలో ఇంకా మూడు దెబ్బలు రావాల్సి ఉండగానే వాళ్లు పాట ముగించేసేవాళ్లు. ప్రతి పాటా అంతే. గుమ్మం దగ్గర నిలబడి మాట్లాడుతున్న మనిషి, మాట పూర్తి కాకుండా చెప్పు తొడుక్కుని పోయినట్టు ఉండేది. ఎంత బాగున్న పాటైనా చివరికొచ్చేసరికి నాకు మనసు చివుక్కుమనేది.

తోటి టీచర్లకు ఒకసారి వినిపించాను. "రష్యా వాళ్లా?" అని ఒకావిడ, "ఇది పాటా, తగాదానా?" అని ఇంకొకావిడ. నవ్వులే నవ్వులు. నేనూ నవ్వి రేడియో కట్టేశాను. ఇంటికొచ్చాక మాత్రం నా మీద నాకే కోపం వచ్చింది, వాళ్లతో పాటు ఎందుకు నవ్వానా అని.

చివరికి, అడిగితే పోలేదా అని హవానా వాళ్లకే ఉత్తరం రాశాను. నిఘంటువు పక్కన పెట్టుకుని మూడు రోజులు రాశాను. అయ్యా, మీ పాటలు చాలా బాగున్నాయి, మరి నడుమలోనే ఎందుకు ఆపేస్తారు, అని. ఆరేడు నెలలకు జవాబొచ్చింది. పోస్టుమ్యాన్ ఆ కవరును పుంగనూరు మొత్తం చూపించుకుంటూ తెచ్చాడు. లోపల ప్రసారాల వేళల కాగితం, సముద్రపు ఒడ్డు బొమ్మ ఉన్న కార్డు, మీ అభిమానానికి కృతజ్ఞతలు అని ఒక ముక్క. నేనడిగిన దానికి బదులే లేదు. ఆహా, మా నాయన హవానాలో కూడా ఉన్నాడే అనుకున్నాను.

ఎనభైల మొదట్లో కుప్పానికి బదిలీ అయింది. మూడు రాష్ట్రాల సరిహద్దులో ఉన్న ఊరు, సగం మంది తమిళం, కొంతమంది కన్నడం, మిగిలినవాళ్లు మూడూ కలిపి మాట్లాడేవాళ్లు. బడిని ఆనుకునే ఒక ఇల్లు అద్దెకు దొరికింది, ముందర పెద్ద అరుగుతో. అక్కడే ఒక ఆదివారం పొద్దున హవానా రేడియోలో విన్నాను, ఒక తాతామనవళ్ల ముచ్చట. తాత చిన్నప్పుడు చెరకు కొట్టే కూలీ, సోన్ పాటగాడు. మనవడిది కరెంటు గిటార్ల బృందం. మనవడు ఏం మార్చినా తాత కిమ్మనడట. వాళ్లు సాధన చేసే చోటికి రోజూ పోయి, ఒక కుర్చీలో కూర్చుని ఆ కర్రలు కొడుతూ ఉంటాడట. కర్రల తాళం తప్పితే మాత్రం పాట ఆపించేసి తిడతాడట. తర్వాత ఇద్దరూ కలిసి పాడారు. తాత గొంతు కొంచెం వణుకుతోంది, మనవడు నెమ్మదించి ఆయన కోసం ఆగుతున్నాడు. నాకు కడుపు మండిపోయింది. అవును, అసూయే. రేడియోను గోడకేసి కొట్టాలన్నంత అసూయ.

అప్పటికి తొమ్మిదో ఏడు నడుస్తోంది. ఆ ఏడాది ఎండాకాలం కుప్పంలో గంగమ్మ జాతరకు చెక్కభజన దళాలను పిలిచారు. మామ కార్డు రాశాడు. "మేమూ వస్తాండాము. మీ నాయన మోకాలు వాసి ఉండాది, ఎగరలేడు, అయినా ఇంటికాడ ఉండమంటే ఉండడు. మాకు ఆడ తెలిసినోళ్లు నువ్వే."

బడికి సెలవులు. తాళాలు నా దగ్గరే ఉన్నాయి కాబట్టి దళానికి బడి వరండా తెరిచాను. నాయన బస్సు దిగి మామ భుజం పట్టుకుని నడిచొచ్చాడు. ఎంత ముసలివాడైపోయాడు! నా వైపు చూడలేదు. నేను మాత్రం కళ్లార్పకుండా చూశాను, సిగ్గెందుకు?

"బావా, వరండాలో చీమలు పుట్టలు పుట్టలుగా ఉండాయి. ఈ అరుగు మీద పొణుకో" అన్నాడు మామ. అక్కడ ఒక్క చీమ కూడా లేదు. నాయన అరుగు చూశాడు, అది ఎవరి ఇంటిదో చూశాడు, ఎక్కి కూర్చున్నాడు.

సంగటి, వేరుశనక్కాయ చట్నీ చేసి పెట్టాను. నేను వడ్డిస్తే తినడానికి ఆయన కట్టడి అడ్డం రాలేదు. రెండో ముద్ద కూడా వేయించుకున్నాడు, చెయ్యి మాత్రమే చూపించి. సాయంత్రం గుడి ముందర భజన. ఆయన బదులు మామ నడుమ నిలబడ్డాడు. కుర్రాళ్లు నాలుగు రాముడి పాటలు పాడి, తర్వాత సినిమా బాణీల్లోకి దిగారు. జనం ఈలలు వేశారు. నాయన ఒక పక్కన కుర్చీలో కూర్చుని, నేల వైపు చూస్తూ ఉన్నాడు. మోకాలి మీద ఆయన చెయ్యి మాత్రం తాళం వేస్తూనే ఉంది.

మర్నాడు పొద్దున ఆరున్నర. అరుగు మీద ఆయన కంబళి కప్పుకుని పడుకుని ఉన్నాడు. రేడియో పెట్టాలా వద్దా అని ఊగిసలాడాను. మన ఇంట్లో మన రేడియోకు కూడా భయమా అని నాకే పౌరుషం వచ్చి ముల్లు తిప్పాను. ఆ రోజు హవానా పక్క వీధిలో ఉన్నంత స్పష్టంగా వచ్చింది. పాత సోన్ పాట. తలుపు పక్కన కూర్చుని, ఎప్పటిలాగే వేళ్లతో, పీట బదులు చెక్కతలుపు మీద కొడుతున్నాను. రెండు, మూడు. రెండు, మూడు.

బయట దగ్గు వినబడింది. కంబళి కదిలింది. మళ్లీ దగ్గు.

"యాడ ఎత్తుకుంటాండావు?"

మామ వచ్చాడేమో, ఆయనతో మాట్లాడుతున్నాడేమో అనుకుని తలుపు సందులోంచి చూశాను. అరుగు మీద ఇంకెవరూ లేరు.

"నిన్నే. రెండుతో యాల ఎత్తుకుంటాండావు?"

"రెండే కదా నాయనా మొదలు" అన్నాను.

"మనకు. వాళ్లకు గాదు. సరింగా విను. మూడు అడుగుతాండాది, రెండు బదులు సెప్తాండాది. నువ్వు బదులు ముందర పెట్టుకోని కూసున్నావు. పాట నడుమ తెగిపోతాండలేదా నీకు?"

"తెగిపోతాంది నాయనా. తొమ్మిదేళ్ల నుంచి తెగిపోతానే ఉంది."

"మూడుతో ఎత్తుకో" అని, ఆయన అరుగు బండ మీద అరచేత్తో కొట్టడం మొదలుపెట్టాడు. మూడు, రెండు. మూడు, రెండు. లోపల తలుపు మీద నేను. మొదట నా వేళ్లు మాట వినలేదు, పాత చోటికే పోయాయి. "ఊఁహూఁ" అని గద్దించాడు. నాలుగైదు చుట్లకు కుదిరింది. కుదరగానే పాట మొత్తం వేరేగా వినబడింది. పాడేవాడు ఎత్తుకునే చోటు, బూర వచ్చే చోటు, అన్నీ నేను కాలు పెట్టిన చోటే ఉన్నాయి. చివరికి రెండు దెబ్బల దగ్గర పాట ఆగింది. నా చెయ్యీ అక్కడే ఆగింది. ఒక్క దెబ్బ కూడా మిగల్లేదు.

"సరిపొయింది" అన్నాడు. కొంచెం ఆగి, "యా ఊరోళ్లు?" అన్నాడు.

"క్యూబా అని, సముద్రాల అవతల."

"వాళ్ల గురువు గట్టోడు."

నేను తలుపు తీసి బయటికొచ్చాను. ఏడుపు ఆగలేదు. "నాయనా, నేను ఆ ఇంటికి పోకపోవడం నీకు ఇంకా కోపమేనా?" అని అడిగేశాను.

ఆయన కంబళి మడత పెట్టుకుంటూ వీధి వైపు చూశాడు. నా మాట వినబడనట్టే ఉన్నాడు. మళ్లీ అడిగాను. కంబళి చంకలో పెట్టుకుని, గోడ పట్టుకుని అరుగు దిగి, కుంటుకుంటూ బడి వరండా వైపు పోయాడు.

పదిన్నర బస్సుకు అందరూ బయల్దేరారు. నేను బస్టాండు దాకా పోయాను. మామను పక్కకు లాగి, "నాయన పొద్దున నాతో మాట్లాడినాడు మామా" అని చెప్పాను. నా మొహం ఎట్లా వెలిగిపోయిందో ఏమో, పాపం ఆయన చేతిలో సంచి కింద పెట్టేశాడు.

"ఏమన్నాడు?"

"తాళం తప్పు కొడతాండానని చెప్పినాడు. సరిచేసినాడు."

"ఓ, అదా." మామ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "తాళం తప్పితే గురువు పగోడికైనా సెప్తాడు మ్మా. సెప్పకపోతే ఆయనకే పాపం. అది మాట్లాడినట్టు గాదు."

నాయన అప్పటికే బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. బస్సు కదిలేదాకా కిటికీ కింద నిలబడ్డాను. ఎదురుగా ఉన్న సోడా కొట్టు వైపే చూస్తూ ఉండిపోయాడు.

మర్నాడు పొద్దున రేడియో పెట్టాను. హవానా దొరికింది, కొంచెం గోలగా. తలుపు పక్కన కూర్చున్నాను. మూడుతో ఎత్తుకోవడం ఇప్పుడు బాగా వచ్చు, నిద్రలో లేపినా కొట్టగలను. కావాలనే రెండుతో ఎత్తుకున్నాను. గట్టిగా, అరుగు దాకా వినబడేలా కొట్టాను. అరుగు మీద ఎవరూ లేరని నాకు తెలుసు. అయినా పాట అయిపోయేదాకా తప్పుగానే కొట్టాను.